సర్వే ప్రాజెక్టులో, శాతాల లెక్కల్లో పిల్లలకు ఎంతవరకు సాయం చేయాలి?

"మా అమ్మాయికి సర్వే ప్రాజెక్టు ఇచ్చారు, శాతాలు కూడా కట్టాలట. చెబుదామని కూర్చుంటే చివరికి అంతా నేనే చేసి పెడుతున్నాను" అని మీరు రాశారు. చాలా ఏళ్లుగా సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మొదట్లో నేనూ అలాగే చేసి పెట్టేదాన్ని. ఇప్పుడు పెన్సిలు నా చేతిలోకి తీసుకోను.

ప్రశ్నలు ఎవరికైనా ఇచ్చేముందు, తయారు చేసినవాళ్ల చేతే వాటిని నింపిస్తాను. ఒక పాప "రోజూ ఎన్ని గంటలు చదువుతారు?" అని రాసి, కింద 0–1, 1–2, 2–3 అని గడులు గీసుకొచ్చింది. "నేను సరిగ్గా గంట చదువుతాను, ఎక్కడ టిక్కు పెట్టను?" అన్నాను. పెన్సిలు మొదటి గడి మీదికి వెళ్లింది, రెండో దాని మీదికి జరిగింది, అక్కడే ఆగిపోయింది. తనే చెరిపేసి "గంటలోపు", "గంట నుంచి రెండు గంటల లోపు" అని మార్చుకుంది. మూడు గంటలు దాటి చదివేవాళ్లకు గడే లేదని కూడా తనే కనిపెట్టింది.

ఎవరిని అడగాలి అన్నది ఇంకా ముఖ్యం. పిల్లలు తమ బెంచీ వాళ్లనే అడిగి ఊరుకుంటారు. వాళ్లకు 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల సంగతి చెబుతాను. లిటరరీ డైజెస్ట్ పత్రిక ఎవరికి ఓటేస్తారో రాసి పంపమని కోటి మందికి కార్డులు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని బట్టి లాండన్ గెలుస్తాడంది, కానీ ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ భారీగా గెలిచాడు. చిరునామాలు ఎక్కువగా ఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకున్నారు. ఆ ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోను, కారు ఉన్నవాళ్లు కాస్త కలిగినవాళ్లే. పైగా కార్డు అందినా చాలామంది తిరిగి పంపలేదు. ఇది విన్నాక పిల్లలు పక్క సెక్షన్‌కి కూడా వెళ్తారు.

ఇక శాతాలు. 12 మందిలో 3 అంటే, 12ని 3తో భాగించి 4 శాతం అని రాస్తారు. వెంటనే సూత్రం చెప్పకండి. "12లో సగమెంత? సగమంటే ఎంత శాతం? మరి 3 ఆ సగంలో ఎంత?" అని అడగండి. 25 దగ్గరికి వాళ్లే వస్తారు.

ఇంకో తప్పు పెద్దవాళ్లూ చేస్తారు. ఒక సెక్షన్‌లో 10 మందిలో 80 శాతం, ఇంకో సెక్షన్‌లో 40 మందిలో 50 శాతం "అవును" అన్నారనుకోండి. రెండూ కలిపి సగం చేసి 65 అంటారు. "శాతాలు పక్కన పెట్టు, మనుషుల్ని లెక్కపెట్టు" అంటాను. 8 మంది, 20 మంది కలిస్తే 50 మందిలో 28, అంటే 56 శాతం.

మీ పాప రాసిన ప్రశ్నల్ని ముందు ఇంట్లో ఇద్దరి చేత నింపించండి. వాళ్లు ఎక్కడ "అంటే ఏంటి?" అని ఆగుతారో ఆ ప్రశ్న పక్కన గుర్తు పెట్టుకోమనండి. దాన్ని ఎలా మార్చాలో మాత్రం మీరు చెప్పొద్దు.