యూటా వస్తున్నారా, పిల్లల సంగతి కాస్త వినండి

బరంపురం నుంచి ఒక తమ్ముడు అడిగేడు, అన్నయ్యా యూటాలో సాల్ట్ లేక్ సిటీ దగ్గర జాబ్ వచ్చింది, బాబుకి పదిహేనేళ్ళు, అక్కడ చర్చి పట్టుదల ఎక్కువట, కుర్రాళ్ళు సూసైడ్ చేసుకుంటున్నారట, రావచ్చా అని.

రండి బావూ. ఇరుగుపొరుగు మంచోళ్ళే, దిగిన మర్నాడే కుకీలు పట్టుకొచ్చి తలుపు కొడతారు. కాకపోతే మార్మన్లకి, అంటే నువ్వడిగిన ఆ చర్చి వాళ్ళకి, వార్డు అని ఉంటాది, మన వీధి లాంటిదే అనుకో, బడా బజార్లో దగ్గితే గాంధీనగర్లో వినపడినట్టు అందరికీ అన్నీ తెలిసిపోతాయి. ఆ వార్డుకి పెద్ద బిషప్, ఆయన జీతం తీసుకునే పాస్టరు కాదు, పక్కింటి అకౌంటెంటే అవ్వొచ్చు, ఆయనే కుర్రాళ్ళని కూర్చోబెట్టి నడవడిక గురించి ప్రశ్నలడుగుతాడు. పిల్లలు కావాలంటే ఇంకో పెద్దమనిషిని తోడు తెచ్చుకోవచ్చని 2018లో రూల్ మార్చేరు. గే జంటల పిల్లలకి బాప్తిస్మం వద్దని 2015 నవంబర్లో ఒక రూల్ పెట్టి 2019 ఏప్రిల్లో తీసేసేరు, ఆ మధ్యలో ఎంతమంది కుర్రాళ్ళు లోలోపల నలిగిపోయేరో.

అలాగని చచ్చిపోవాలన్న ఆలోచనకి ఒక్క కారణమే ఉండదు, ఈ కొండల రాష్ట్రాల్లో ఆత్మహత్యల రేటు మిగతా చోట్ల కంటే ఎక్కువే, అంతా చర్చి మీదకి తోసెయ్యలేం. కానీ 2009లో ఒక స్టడీ వచ్చింది, గే, లెస్బియన్, బైసెక్సువల్ కుర్రాళ్ళలో ఇంట్లోవాళ్ళు బాగా ఛీకొట్టినవాళ్ళు, అలా కాని వాళ్ళతో పోలిస్తే, ఆత్మహత్యాయత్నం చేశామని చెప్పడం 8.4 రెట్లు ఎక్కువట. ఆ స్టడీ చూసింది బిషప్‌ని కాదు, ఇంటిని.

మనం తక్కువేం కాదు. మా పాప టెన్త్ గ్రేడ్లో గుడి ఆదివారం క్లాసుకి రానంటే నేను ఇక్కడి మనవాళ్ళ గ్రూపులో ఒక పెద్దాయనకి చెప్పేను, కాస్త నచ్చచెప్పండి అని. వారం తిరిగేసరికి ప్రతి ఆంటీ దానికి బుద్ధులు చెప్పడమే, అది గదిలోంచి రావడం మానీసింది, చివరికి స్కూల్ కౌన్సిలర్ ఫోన్ చేస్తేగాని దాని మనసులో ఏటుందో నాకు తెలియలేదు. అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమో అని భయపడ్డాను. అవ్వదట. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగాలట, అడిగేను, అరగంట ఏడ్చింది, తర్వాత చెప్పింది. ఊర్లో అమ్మ బుడి ఠాకురాణికి మొక్కుకోమంది, మొక్కుకున్నాను, థెరపిస్ట్ దగ్గరికీ తీసుకెళ్ళేను.

నువ్వు జాయినయ్యాక 30 రోజుల్లోపు ఇన్సూరెన్స్ ప్లాన్ ఎంచుకోమంటారు, అప్పుడే బిహేవియరల్ హెల్త్, అంటే మనసుకి సంబంధించిన వైద్యం, కవర్ అవుతుందా అని హెచ్చార్‌ని అడుగు, తర్వాత పరిగెట్టే ఓపిక ఉండదు. అర్జెంటైతే 988, ఇక్కడి ఆత్మహత్యల హెల్ప్‌లైన్, కాల్ చేసినా మెసేజ్ పెట్టినా పగలూ రాత్రీ పలుకుతారు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో ఉన్న మనవాళ్ళ పిల్లలకి 14416, టెలీ మానస్ అని ఇండియాలో ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

ఇంకోటి, మీ నాన్నగారికి ముందే చెప్పి ఉంచు, వీడియో కాల్లో మనవడు కనబడగానే గుడికెళ్ళేవా అని మొదలెట్టొద్దని. తిన్నావా అని అడగమను.