బొత్తాల లెక్కలు చూసి కంగారుపడకు, ట్యూషన్ చెక్కు రాయకు

హనుమకొండ నుంచి న్యూజెర్సీకి వచ్చి మూడు నెలలైన ఒక చెల్లెలు అడిగింది: "మా బాబుకు యూకేజీలోనే ఐదో ఎక్కం దాకా వచ్చు, 200 దాకా అంకెలు రాస్తాడు. ఇక్కడ కిండర్‌గార్టెన్‌లో బొత్తాలు, సీసా మూతలు ఇచ్చి ఆడిస్తున్నారు. హోంవర్క్ లేదు. వెనకబడిపోతాడేమోనని నిద్ర పట్టడం లేదు. శని, ఆదివారాల్లో ట్యూషన్ పెట్టించమంటారా అక్కా?"

చెల్లెమ్మా, ఏటా సెప్టెంబరు వచ్చేసరికి ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అందరికీ ముందు చెప్పేది ఒకటే, పర్సు మూసి పెట్టుకోమని. నేను తెరిచి అనుభవించాను.

మేం వచ్చింది 2011 ఆగస్టులో. అమ్మాయికి అప్పటికే బాసరలో అక్షరాభ్యాసం అయింది, సుబేదారిలో రెండేళ్ల బడి అయింది, పలక మీద రాయించి రాయించి బలపాలు అరగదీసింది. డాలరు 45 రూపాయల చుట్టూ ఉన్న రోజులు. పాల డబ్బా కొన్నా 45తో హెచ్చవేసుకుని గుండె పట్టుకునేదాన్ని. అంత లెక్కల మనిషిని, ట్యూషన్‌కు మాత్రం నెలకు 120 డాలర్లు కళ్లు మూసుకుని కట్టాను. అంటే 5,400 రూపాయలు. అప్పట్లో మా అమ్మ ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ నెల సరుకులు తెచ్చేది. ఫ్లాష్‌కార్డులు, వర్క్‌బుక్కులు, అంకెలు పాడే బొమ్మ... వాటి బిల్లులు మా ఆయనకు ఇప్పటికీ చూపించలేదు.

నవంబరులో టీచరు తల్లిదండ్రులను పిలిచింది. పట్టుచీర ఒక్కటే తక్కువ, పొగడ్తలు వినడానికి నేను అంతగా ముస్తాబై వెళ్లాను. టీచరు బల్ల మీద ఎనిమిది మూతలు పెట్టి అమ్మాయిని లెక్కపెట్టమంది. గడగడా లెక్కపెట్టేసింది. "మొత్తం ఎన్ని?" అని అడిగితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది! చివర పలికిన అంకే మొత్తం అని దానికి తెలియదు. మూతలను దూరం దూరంగా జరిపితే ఎక్కువయ్యాయంది. టీచరు మూడింటిని కప్పు కింద దాచి, "దాచినవి ఎన్ని?" అంది. అమ్మాయి నా ముఖం చూసింది, నేను గోడ చూశాను. మా ఇంట్లో 200 దాకా పాఠం అప్పజెప్పే పిల్ల అది. అంకెలు దానికి పాటలా వచ్చు, అంతే.

అప్పుడు అర్థమైంది ఆ బొత్తాలు ఎందుకో. ఒక్కో బొత్తానికీ ఒక్కో అంకె, రెండుసార్లు లెక్కపెట్టకూడదు, వదిలేయకూడదు. తరువాత వరుసకు ఐదు చొప్పున రెండు వరుసల గళ్లున్న కాగితం మీద పేరుస్తారు. ఏడు అంటే ఒక నిండు వరుస, ఇంకో రెండు. పదికి మూడు తక్కువ. పిల్లవాడు చూడగానే చెప్పాలి. మన అష్టాచెమ్మాలో గవ్వలు వేసి, ఎన్ని వెల్లకిలా పడ్డాయో లెక్కపెట్టకుండానే చెప్పేవాళ్లం కదా, అదే ఇది. చాలా రాష్ట్రాల్లో ఏడాది చివరికి అడిగేది 100 దాకా ఒకట్లలో, పదుల్లో చెప్పడం, 20 దాకా రాయడం, పది లోపు కూడికలు, తీసివేతలు. ఎక్కాల ఊసే లేదు. గవ్వలు లేకపోతే శనగలు చాలు, డబ్బాలో ఎలాగూ ఉంటాయి.

ఇంకో తప్పు చెబుతాను, ఇది ఖర్చు లేని తప్పు. పిల్ల గందరగోళపడుతుందని ఇంట్లో తెలుగు అంకెలు మాన్పించాను. ఇంగ్లిషులో థర్టీన్ అంటే ముందు మూడు, తరువాత పది వినిపిస్తుంది. అందుకే మా అమ్మాయి 13 బదులు 31 రాసేది. ఇలెవెన్, ట్వెల్వ్‌లలో పది ఊసే వినపడదు. మన పదమూడు, పదహారు, పదిహేడు చూడు, పది ముందే నిలబడి ఉంటుంది. పదికి పైన ఎన్ని అన్నదే ఈ తరగతిలో పెద్ద పాఠం. మళ్లీ తెలుగులో చెప్పడం మొదలుపెట్టిన వారానికే 31 గొడవ తగ్గింది.

బడి మొదలైన నూరో రోజుకు ఇంటి నుంచి ఏవైనా 100 వస్తువులు తెమ్మంటారు. చిన్నబోకూడదని నేను దుకాణానికి పరిగెత్తి మెరిసే పూసలు కొన్నాను. మిగతా పిల్లలు తెచ్చింది మాకరోనీ, రాజ్మా గింజలు, పాత బొత్తాలు. పదేసి చొప్పున పది కప్పుల్లో వేయించారు. మా పూసలు సగం నేల మీద దొర్లాయి. సద్దుల బతుకమ్మకు తంగేడు, గునుగు దొరక్క బంతి, చామంతి పేరుస్తుంటే, ఒక వరుస పసుపు, ఒక వరుస తెలుపు, తరువాత మళ్లీ పసుపు రావాలని మా అమ్మాయే చెప్పింది. బడిలో రంగుల ఘనాలతో నేర్పుతున్నది అదే. పూలకు 30 డాలర్లయింది. దాన్ని మాత్రం 45తో హెచ్చవేయలేదులే.

ఇక చదవడం సంగతి. మన అక్షరానికి పేరూ శబ్దమూ ఒకటే. క అంటే క. ఇంగ్లిషులో డబ్ల్యూ అనే పేరులో ఆ అక్షరం పలికే శబ్దమే లేదు. ఏ బీ సీ డీలు వచ్చినంత మాత్రాన చదవడం రాదు, శబ్దాలు రావాలి, ప్రాస మాటలు పట్టుకోగలగాలి. ఒకరోజు మా అమ్మాయి పిల్లి బొమ్మ వేసి కింద కే ఏ టీ అని రాసింది. నేను చెరిపించి, సీ ఏ టీ అని 20 సార్లు రాయించాను. తరువాత రెండు వారాలు బొమ్మల కింద ఏమీ రాయలేదు. విన్న శబ్దాన్ని విన్నట్టు రాయడమే ఈ వయసులో విజయమని టీచరు చెబితే, ఆ రబ్బరును సొరుగులో దాచాను.

పుస్తకాలు కొనకు. ఊరి గ్రంథాలయంలో కార్డు ఉచితం, పిల్లలకు కథలు చదివి వినిపించే గంట కూడా ఉచితం. అట్ట చూపించి లోపల ఏముంటుందో తెలుగులోనే అడుగు. గడువు తేదీ రాసిపెట్టుకో, మొదటి ఏడాది నేను జరిమానా కట్టాను.

ప్రవేశ పత్రంలో ఇంట్లో మాట్లాడే భాష ఏమిటని అడుగుతారు. నేను గొప్పకు ఇంగ్లిషు అని రాశాను. తెలుగు అని రాసుంటే పరీక్షించి, అవసరమైతే బడిలోనే ఇంగ్లిషు సాయం పైసా లేకుండా ఇచ్చేవారు. ఆ పని కూడా 120 డాలర్ల ట్యూషన్ చేస్తుందనుకున్నాను. నిజం రాయి. వయసు, టీకాలు, చిరునామా రుజువుల నిబంధనలు మీ ప్రాంతపు బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ సైటులో ఉంటాయి, చూసుకోగలవు.

ఇప్పుడు మా అమ్మాయి కాలేజీలో ఉంది. ఆ ట్యూషన్ వల్ల కాదు, నాకు తెలుసు. చెక్కు ఇంకా రాయకపోతే ఆ డబ్బు వేరే ఖాతాలో వేయి. రాసేసి ఉంటే సంతకం పెట్టిన కాగితంలో చివరి పేజీ చిన్న అక్షరాలు ఈ రాత్రే చదువు. నెల మధ్యలో మానేస్తే కొందరు తిరిగి ఇస్తారట. నాకు ఇవ్వలేదు.