ఎన్‌బీఏ ఫ్రీ ఏజెన్సీ వార్తలు, ట్రేడ్ పుకార్లు ఎంతవరకు నమ్మొచ్చు? ఫ్యాన్స్‌కి వాటి మీద అంత పిచ్చి ఎందుకు?

ఎన్‌బీఏ అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్. అందులో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్ట్ అయిపోయిన ఆటగాడు తనకి నచ్చిన జట్టుకి వెళ్ళడం) వార్తలైతే చాలావరకు నమ్మొచ్చు, ట్రేడ్ (జట్లు ఆటగాళ్ళని మార్చుకోవడం) పుకార్లు మాత్రం నమ్మకండి. మీరడిగినదానికి జవాబు అంతే. ఇక్కడి నుంచి నేను చెప్పాలనుకున్నది చెప్తా, ఓపికుంటే చదవండి.

నేను డాలస్‌లో పదమూడేళ్లుగా ఉంటున్నా, ఈ ఊరి జట్టు మావెరిక్స్ ఫ్యాన్‌ని. ఆ మాట చాలు, నా పరిస్థితి ఏంటో ఎన్‌బీఏ చూసేవాళ్ళకి అర్థమైపోతుంది. మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. 2025 ఫిబ్రవరి 1, శనివారం. డాలస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో మా ఫ్రెండ్ వాళ్ళ పాప మొదటి పుట్టినరోజు. ఇక్కడ మనవాళ్ళ పార్టీలు ఎలా ఉంటాయో తెలిసిందే కదా, కేక్ కోయడం ఎనిమిదింటికి, భోజనాలు తొమ్మిదిన్నరకి, ఆ తర్వాత ఆడవాళ్ళు కింద మిగిలిన బిర్యానీ డబ్బాల్లో సర్దుతుంటే మేం ఐదుగురం పైన మీడియా రూంలో రమ్మీ. మా అబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. మా జట్టు స్టార్ లూకా డాన్చిచ్‌ది 77 నంబర్, ఆ జెర్సీ వేసుకుని కింద సోఫాలో ఎవరిదో కోటు కప్పుకుని నిద్రపోయాడు.

పదకొండు దాటింది. నాకు షో చెప్పడానికి ఒక్క ముక్క తక్కువ. అప్పుడు మా వాళ్ళలో ఒకడు ఫోన్ చూసి, "ఒరేయ్, షామ్స్ అకౌంట్ ఎవడో హ్యాక్ చేసినట్టున్నాడు రా" అన్నాడు.

"ఏమంటున్నాడు?"

"లూకాని లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కి ఇచ్చేశారంట. బదులు వాళ్ళ ఆంథొనీ డేవిస్ వస్తున్నాడంట."

అందరం నవ్వాం. "ముక్క వెయ్యి ముందు" అన్నాను నేను. నిజంగానే అలా అన్నాను. అప్పటికి లూకా డాన్చిచ్‌కి ఇంకా పాతికేళ్లు, అంతకుముందు సీజన్‌లోనే టీమ్‌ని ఫైనల్స్‌కి తీసుకెళ్లాడు, క్రిస్మస్ రోజు ఆటలో పిక్క పట్టేసి కూర్చున్నాడు గానీ అది నెలరోజుల్లో మానే దెబ్బ. అలాంటివాడిని ఎవడు ఇస్తాడు? షామ్స్ చరానియా అంటే ఈ వార్తలకి మొదటి నోరు, ఆయనే మళ్ళీ "అవును, నిజమే" అని ఇంకో ట్వీట్ పెట్టుకోవాల్సి వచ్చింది. అంటే అమెరికా అంతా మాలాగే హ్యాకింగ్ అనుకుందన్నమాట.

మా టేబుల్ దగ్గర ఒకాయన ఉన్నాడు, అందరం బావగారూ అంటాం. ఆట మొదటి మూడు క్వార్టర్లు ఏనాడూ చూడడు, కానీ ట్రేడ్ మెషీన్ అని ఆన్‌లైన్‌లో ఒకటుంటుంది చూశారా, ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలో పేర్లు నొక్కితే జీతాలు సరిపోయాయో లేదో చెప్తుంది, ఆయనకి అదే లోకం. రెండేళ్ళుగా మా వాట్సాప్ గ్రూప్‌లో టీమ్‌లో ఒక్క లూకాని తప్ప అందరినీ కనీసం మూడుసార్లు అమ్మేసుంటాడు. ఆయన మాట్లాడకుండా ఫోన్ తీశాడు. ఇటు లూకా, మాక్సీ క్లీబర్, మార్కీఫ్ మోరిస్. అటు డేవిస్, మాక్స్ క్రిస్టీ. యూటా జట్టుని కూడా మధ్యలో ఇరికించాడు. లూకా జీతం 4.3 కోట్ల డాలర్లు, డేవిస్‌దీ దాదాపు అంతే. వేలితో నొక్కి, చూసి, మా వైపు తిప్పి చూపించాడు. పచ్చగా వెలిగింది.

"మెషీన్ ఒప్పుకుంది రా" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నాకు గుర్తే.

ఆట ఆగిపోయింది. ముక్కలు అలాగే ఉన్నాయి, ఎవరూ లెక్క కూడా వెయ్యలేదు (నేను గెలిచే ఆట అది, ఎవరూ ఒప్పుకోరు గానీ). మా ఆవిడ పైకొచ్చి ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగింది.

పొద్దున ఆదివారం, తెలుగు బడి. మా వాడు అదే జెర్సీతో లేచాడు, పాలల్లో సీరియల్ వేసుకుంటున్నాడు. చెప్పాను. చెంచా అలాగే పట్టుకుని అడిగాడు, "తనే వెళ్తానన్నాడా?"

"లేదు నాన్నా."

"మరి అడిగారా?"

అదీ లేదు. రెండు జట్ల మేనేజర్లు డాలస్‌లో ఒక హోటల్లో కాఫీ తాగుతూ మొదలుపెట్టి మూడు వారాలకి పైగా గుట్టుగా నడిపారు. ఆటగాడికి తెలియదు, ఏజెంటుకి తెలియదు, విలేఖర్లకి అసలే తెలియదు. వాడు ఆ సీరియల్ నానిపోయేదాకా తినలేదు. బడికి వెళ్తే సగం మంది పిల్లలు అదే నంబర్ చొక్కాలతో వచ్చారట, టీచరమ్మ ఒత్తులు చెప్పడం మానేసి ఓదార్చాల్సి వచ్చిందట. అరీనా బయటైతే డర్క్ నోవిట్స్కీ విగ్రహం దగ్గర జనం పూలు పెట్టారు, శవపేటిక కూడా తెచ్చారు. డర్క్ 21 సీజన్లు మా ఒక్క జట్టుకే ఆడాడు. ఈ ఊళ్ళో అది అలవాటైపోవడం వల్లే మాకు అంత దెబ్బ తగిలిందని నా అభిప్రాయం.

నేను ఫ్రీ ఏజెన్సీకీ ట్రేడ్‌కీ తేడా చెప్పేది అందుకే. పుకారు వచ్చినప్పుడు దానివల్ల ఎవరికి లాభం అని అడగండి, సగం తేలిపోతుంది. ఫ్రీ ఏజెన్సీలో ఆటగాడి కాంట్రాక్ట్ అయిపోయింది, ఏజెంట్ ధర పెంచాలి, అందుకని తనే నోరు విప్పుతాడు. పైగా జూన్ 30 సాయంత్రం మార్కెట్ తెరుచుకున్న రెండు నిమిషాలకే పెద్ద పెద్ద ఒప్పందాలు బయటికొచ్చేస్తాయి. రెండు నిమిషాల్లో నాలుగేళ్ళ కాంట్రాక్ట్ ఎవరు మాట్లాడుకుంటారండీ? పెళ్లిచూపులకి ముందే లగ్నపత్రిక రాసుకున్నట్టు. 2022లో మా జేలెన్ బ్రన్సన్‌ని న్యూయార్క్ నిక్స్ నాలుగేళ్ళకి 10.4 కోట్ల డాలర్లకి ఎగరేసుకుపోయింది. దానికి కొద్దివారాల ముందే వాళ్ళ నాన్నని ఆ జట్టు అసిస్టెంట్ కోచ్‌గా పెట్టుకుంది. కోడలి కంటే ముందు వియ్యంకుడు కాపురానికి వచ్చాడు. ముందుగానే మాట్లాడుకున్నారని లీగ్ తర్వాత వాళ్ళ రెండో రౌండ్ పిక్ (కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక వంతు) ఒకటి తీసేసింది. ఆ మాత్రం శిక్షకి ఎవరు భయపడతారు, అలాంటి ఆటగాడి కోసం నేనైనా రెండు ఇస్తాను.

అయినా ఇందులోనూ సంతకం పడేదాకా గ్యారంటీ లేదు, అదీ మా నెత్తిమీదే జరిగింది. 2015 జులైలో డియాండ్రే జోర్డాన్ మావెరిక్స్‌కి వస్తానని మాట ఇచ్చాడు. అప్పట్లో జులై మొదటి వారం రోజులు మాట్లాడుకోవచ్చు గానీ సంతకాలు పెట్టకూడదు, తాంబూలాలకీ పెళ్లికీ మధ్య ఉండే రోజుల్లాంటివన్నమాట. నేనప్పుడు ఇర్వింగ్‌లో నలుగురం కలిసుండే అపార్ట్‌మెంట్‌లో ఉన్నా, మొదటి ఉద్యోగం. ఇంక సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు) దొరికేశాడని మేం పండగ చేసుకున్నాం. మనసు మారిందని తెలిసి పాత జట్టు క్లిప్పర్స్ వాళ్ళంతా హ్యూస్టన్‌లో ఆయన ఇంటికి వెళ్ళి కూర్చున్నారు. వాళ్ళ ఆటగాడు బ్లేక్ గ్రిఫిన్ తలుపుకి అడ్డంగా కుర్చీ పెట్టినట్టు ఫోటో కూడా పెట్టాడు. అర్ధరాత్రి గడువు దాటగానే సంతకం, క్లిప్పర్స్‌కే. తాంబూలాలు పుచ్చుకుని పీటల మీద నుంచి లేచిపోయినట్టు అయింది మా పని.

అప్పుడు అతన్ని నేను తిట్టని తిట్టు లేదు. మాట మీద నిలబడడా, డబ్బు మనిషి, ఇలాంటివన్నీ. లూకా సంగతి జరిగాక ఆ తిట్లు తల్చుకుంటే సిగ్గేసింది. ఆటగాడు వెళ్ళిపోతే ద్రోహం అంటాం, టీమ్ పంపించేస్తే వ్యాపారం అంటాం. నాకీ విషయం బాస్కెట్‌బాల్ వల్ల కాదు, మా ఉద్యోగాల వల్ల తెలిసి ఉండాల్సింది. మూడేళ్ళ క్రితం ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మా మేనేజర్ ఫోన్ చేసి సోమవారం నుంచి వేరే ప్రాజెక్టు, వేరే ఊరు అన్నాడు. వీసా మీద ఉన్నవాడు ఏమంటాడు, సరే సార్ అంటాడు. ఆ శనివారమంతా బట్టలు సర్దుకుంటూ లూకా ఆట చూశాను. అప్పుడు పక్కపక్కనే ఉన్న రెండింటినీ కలిపి చూసే తెలివి లేకపోయింది.

డబ్బు సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. ఆ వేసవిలో లూకాకి సూపర్‌మ్యాక్స్ అనే అతిపెద్ద కాంట్రాక్ట్‌కి అర్హత వచ్చేది, ఐదేళ్ళకి సుమారు 34.5 కోట్ల డాలర్లు. అది సొంత జట్టు మాత్రమే ఇవ్వగలదు. ట్రేడ్ అవ్వగానే ఆ అర్హత పోయింది, ఐదు నెలల ముందు! ఫిట్‌నెస్ బాగాలేదని, అంత డబ్బు పెట్టడానికి జంకారని తర్వాత వార్తలొచ్చాయి. బయటికి మాత్రం మా జట్టు మేనేజర్ నికో హారిసన్ కప్పులు తెచ్చేది డిఫెన్సే అన్నాడు. ఆగస్టులో లూకా లేకర్స్‌తో మూడేళ్ళకి 16.5 కోట్ల ఒప్పందం చేసుకున్నాడు. పైగా టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు, కాలిఫోర్నియాలో పై స్లాబ్ 13.3 శాతం. బే ఏరియా నుంచి మనవాళ్ళు సామాన్లు కట్టుకుని ఫ్రిస్కోకి ఎందుకొస్తున్నారు మరి? (వచ్చాక ఇంటి పన్ను బిల్లు చూసి కళ్ళు తేలేస్తారు, అది వేరే ప్రశ్నకి రాస్తా.) అందరూ ఇటొస్తుంటే పాపం ఆ అబ్బాయిని అటు తోశారు.

ట్రేడ్ అనేది కుండమార్పిడి సంబంధం లాంటిది. ఇటు పిల్లని ఇస్తే అటు పిల్లని తెచ్చుకోవాలి, జీతాలు దాదాపు సరిపోవాలి. 2023 నాటి కొత్త నిబంధనల్లో సెకండ్ ఏప్రన్ అని ఒక గీత ఉంది, జీతాల మొత్తం ఆ గీత దాటిన జట్టు ఇద్దరు ముగ్గురి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడిని తెచ్చుకోవడం కుదరదు. ఫ్యాన్స్ వేసే ట్రేడ్‌లలో సగం ఇక్కడే చచ్చిపోతాయి, మిగతా సగం అవతలి జట్టువాళ్ళు బుద్ధిలేనివాళ్ళయితే తప్ప జరగవు. ఆడని నలుగురిని ఇచ్చి ఆడేవాడిని ఒకడిని తెచ్చుకుందాం, ఇదే అందరి ప్లాన్. సన్‌రైజర్స్ వార్నర్‌ని వదిలేసినప్పుడు హైదరాబాద్ ఎంత గోల పెట్టిందో గుర్తుందా, దానికి పదింతలు గోల ఇక్కడ ప్రతి ఏడాదీ ఉంటుంది. ఐపీఎల్ వేలం కనీసం టీవీలో అందరి ముందూ జరుగుతుంది.

తర్వాత ఏమైందంటే, డేవిస్ మొదటి ఆటలోనే 26 పాయింట్లు కొట్టి అదే ఆటలో దెబ్బ తగిలి బయటికెళ్ళాడు. నెల తిరక్కుండా కైరీ అర్వింగ్ మోకాలు పోయింది. ఏప్రిల్ 9న లూకా లేకర్స్ చొక్కాతో డాలస్ వచ్చాడు, ఆట మొదలుకాక ముందు వాళ్ళేసిన వీడియో చూసి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు, తర్వాత 45 పాయింట్లు కొట్టాడు. టికెట్ ధరలు చూసి మేం ఇంట్లోనే చూశాం. మే నెలలో డ్రాఫ్ట్ వంతులు తేల్చే లాటరీలో 1.8 శాతం అవకాశంతో మావెరిక్స్‌కి మొదటి పిక్ తగిలింది, కూపర్ ఫ్లాగ్ వచ్చాడు. లూకాని ఇచ్చినందుకు లీగ్ ఇచ్చిన బహుమతి అని బావగారు ఒట్టేసి చెప్తాడు. నేను నమ్మను గానీ వినడానికి బాగుంటుంది. హారిసన్‌ని నవంబర్‌లో తీసేశారు.

మా వాడు ఈ మధ్య ఫ్లాగ్ 32 నంబర్ జెర్సీ అడిగాడు. నూట ఇరవై డాలర్లు పైమాటే. కొనే ముందు, "ఎన్నేళ్ళుంటాడు నాన్నా?" అన్నాడు. కొత్తవాళ్ళ కాంట్రాక్ట్ నాలుగేళ్ళని, అందులో చివరి రెండూ టీమ్ ఇష్టమని చెప్పాను. కాసేపు ఆలోచించి ఒక సైజు పెద్దది వద్దు, ఇప్పటికి సరిపోయేదే కొనమన్నాడు.

నిన్న రాత్రి రెండింటికి బావగారి మెసేజ్. నలుగురిని ఇచ్చి డెన్వర్ నుంచి వాళ్ళ స్టార్ యోకిచ్‌ని తెచ్చుకుంటున్నాం. మెషీన్ ఒప్పుకుందట.