20 కిలోల బరువుకి ఏ బ్యాగ్? ముందు మీ వీపు కొలుచుకోండి

మీరు అడిగింది ఇది: మే నెలలో హిమాలయాల్లో ఏడు రోజుల ట్రెక్, పోర్టర్లు లేరు, 20 కిలోల దాకా మోయాలి. మీ ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 60 కిలోలు. 65 లీటర్ల బ్యాగ్ సరిపోతుందా, 80 తీసుకోవాలా?

65 చాలు. కానీ లీటర్లు చూసి బ్యాగ్ కొనేస్తే నేను పడ్డ బాధే మీరూ పడతారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నా మొదటి పెద్ద బ్యాగ్ ఆన్‌లైన్‌లో ఆఫర్ చూసి కొన్నాను, 75 లీటర్లది. ఇద్దరు స్నేహితులతో కలిసి పొద్దున్నే విశాఖ స్టేషన్‌లో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి, బొర్రా దగ్గర దిగి, అనంతగిరి కొండల్లో రెండు రోజులు నడిచాం. మొదటి రోజు మధ్యాహ్నానికే భుజాలు మండిపోయాయి. సాయంత్రం స్టవ్ వెలిగిద్దామంటే ఎడమ చేతి వేళ్లు తిమ్మిరెక్కి అగ్గిపుల్ల గీయలేకపోయాను. ఆ తిమ్మిరి పూర్తిగా పోవడానికి పది రోజులు పట్టింది. పట్టీలు భుజం దగ్గర నరాలను నొక్కేశాయని డాక్టర్ చెప్పారు. ఇంటికొచ్చి కొలిస్తే, ఆ బ్యాగ్ వెన్ను, అంటే భుజం పట్టీల మొదలు నుంచి నడుము బెల్టు దాకా ఉండే భాగం, నా వీపుకంటే 7 సెంటీమీటర్లు పొడవు. నడుము బెల్టు తుంటి ఎముక కిందికి జారిపోయి, మోత మొత్తం భుజాలకే మిగిలింది.

పెద్ద బ్యాగ్ బరువులో ఎక్కువ భాగం తుంటి ఎముకల మీద, అంటే కాళ్ల మీద పడాలి. భుజం పట్టీల పని బ్యాగ్ వెనక్కి వాలిపోకుండా పట్టుకోవడమే. బెల్టు సరైన చోట కూర్చోవాలంటే బ్యాగ్ వెన్ను మీ వీపు పొడవుకి సరిపోవాలి. ఎత్తుని బట్టి దీన్ని అంచనా వేయకండి. మా తమ్ముడు నాకంటే నాలుగు అంగుళాలు పొడుగు, అయినా ఇద్దరి వీపూ 44 సెంటీమీటర్లే. వాడి పొడుగంతా కాళ్లలో ఉంది.

కొలవడానికి ఇంట్లో ఇంకొకరి సాయం, టైలర్ టేపు ఉంటే చాలు. తల ముందుకు వంచితే మెడ కింద ఒక ఎముక ఉబ్బుగా చేతికి తగులుతుంది. తర్వాత రెండు చేతులూ తుంటి ఎముకల పైఅంచు మీద, బొటనవేళ్లు వెనక్కి ఉండేలా పెట్టండి. మెడ కింది ఆ ఎముక నుంచి, రెండు బొటనవేళ్లనీ కలుపుతూ ఊహించుకున్న గీత దాకా వెన్ను వెంట కొలిస్తే వచ్చేది మీ వీపు పొడవు. ఆ అంకె కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్లండి. వెన్ను పొడవు సర్దుకునే వీలున్న మోడల్ అయితే ఇంకా మంచిది.

షాపులో ఖాళీ బ్యాగ్ వేసుకుని అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు, ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి బ్యాగూ హాయిగానే ఉంటుంది. 15 కిలోలు పెట్టి ఇమ్మని అడగండి. మొహమాటపడకండి. మొదట పట్టీలన్నీ వదులు చేసి, బ్యాగ్ తగిలించుకుని, నడుము బెల్టు బిగించండి. తుంటి ఎముక పైఅంచు బెల్టు మధ్యకి రావాలి. ఆ తర్వాతే భుజం పట్టీలు, చివరగా భుజాల పైన ఉండే చిన్న పట్టీలు. ఈ చిన్న పట్టీలు సుమారు 45 డిగ్రీల ఏటవాలులో బ్యాగ్‌ని వీపు వైపు లాగాలి. అవి అడ్డంగా పడుకుంటే ఆ బ్యాగ్ మీకు పొట్టిది. బెల్టు పూర్తిగా బిగించాక రెండు వైపుల మెత్తలూ ముందు తగులుకుంటే అది మీ నడుముకి పెద్దది. ట్రెక్‌లో మనిషి కాస్త సన్నబడితే ఇక బిగించడానికి చోటుండదు. అలాగే ఇరవై నిమిషాలు నడవండి, మెట్లుంటే ఎక్కి దిగండి.

కిలో బరువు కూడా ఉండని తేలికైన బ్యాగులు చూసి ఆశపడకండి. వాటిలో చాలావాటికి గట్టి ఫ్రేమ్ ఉండదు, 20 కిలోలు పెడితే కుంగిపోతాయి. మీరు మోసే బరువుకి రెండు కిలోలు, రెండున్నర కిలోల బ్యాగే సరైనది. 80 లీటర్లది మాత్రం వద్దు, ఖాళీ ఉంటే ఏదో ఒకటి కుక్కుతాం.

అసలు ఆ 20 కిలోలే నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నాయి. అది మీ శరీర బరువులో మూడో వంతు. మామూలుగా ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు దాటకూడదంటారు. అంటే మీకు 12 నుంచి 15 కిలోలు. టెంట్, వంట సామాన్లు తోటివాళ్లతో పంచుకోండి. తిండిలో నీళ్లు మోయకండి: అటుకులు, ఉప్మా మిక్స్, వేరుశనగ చిక్కీలు తక్కువ బరువుకి ఎక్కువ శక్తినిస్తాయి. నీళ్లు లీటరుకి కిలో, కాబట్టి దారిలో నీళ్లు ఎక్కడ దొరుకుతాయో ముందే తెలుసుకోండి.

సర్దేటప్పుడు స్లీపింగ్ బ్యాగ్ అడుగున, బరువైనవి వీపుకి ఆనుకుని రెండు భుజాల మధ్య ఎత్తులో, తేలికవి బయటి వైపు. బరువు వీపుకి దూరమైతే వెనక్కి లాగేస్తుంది.

రెండు నెలల ముందు నుంచే ఆ బ్యాగ్‌తోనే కైలాసగిరి మెట్లు ఎక్కండి. నేను రెండు లీటర్ల సీసాల్లో నీళ్లు నింపి మోసుకెళ్లి, పైన మొక్కలకి పోసి, ఖాళీగా దిగుతాను. ఎక్కేటప్పుడు బరువు అలవాటవుతుంది, దిగేటప్పుడు మోకాళ్లు బతుకుతాయి. మొదటి వారం నాలుగు సీసాలు చాలు.

వానకి బ్యాగ్ మీద కవర్ ఒక్కటే సరిపోదు, వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. లోపల మందపాటి పాలిథిన్ సంచి వేసి అందులో బట్టలు పెట్టండి. తిరిగొచ్చాక బ్యాగ్‌ని తడిగా అటక మీద పడేయకండి. మన విశాఖ ఉక్కకి లోపలి పూత జిగురుజిగురుగా మారి పొరలుగా ఊడిపోతుంది, నా రెండో బ్యాగ్‌కి నాలుగేళ్లకే అలా అయింది. చెమట ఉప్పు పోయేలా మామూలు నీళ్లతో తుడిచి, నీడలో ఆరబెట్టి, గాలి తగిలే చోట వేలాడదీయండి.

వీపు కొలత ఎంత వచ్చిందో ఇక్కడ రాస్తే, ఏ సైజు చూడాలో చెప్పగలను.