చిన్నీకి, ఖిలా వరంగల్ నడకకు ముందు

చిన్నీ,

వచ్చే నెల నుంచి ఆదివారం ఆదివారం జనాన్ని వెంటబెట్టుకుని కాకతీయుల కట్టడాలు చూపిస్తావని రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. సంతోషం ఎంతో, టెన్షన్ అంతే.

నీళ్ళు, టోపీలు సరే. ఎండాకాలంలో తొమ్మిది దాటాక ఎవరినీ బయట నిలబెట్టకు బిడ్డా, అక్కడ రాయి పెనంలా కాలుతుంది.

విరిగిన ముక్కలు చూసి జనం ‘ఇంతేనా’ అంటారు. వాళ్ళను తోరణం కింద నిలబెట్టి తలెత్తి చూడమను. గుమ్మమే ఇంతుంటే లోపలి స్వయంభూ శివాలయం ఎంతుండేదో వాళ్ళకే తడుతుంది. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను రుద్రమదేవి పూర్తి చేసింది. 1323లో కోట ఢిల్లీ సైన్యం చేతికి చిక్కింది. గుడి పోయింది, నాలుగు దిక్కులా తోరణాలు మిగిలాయి.

ఇక నేను రాయాలనుకున్నది వేరే. మీ అమ్మకు కూడా చెప్పలేదు.

బడిలో చేరిన కొత్తలో పదో తరగతి పిల్లలను కోటకు తీసుకెళ్ళాను. పొలం గట్టున ఒక శాసనం పడి ఉంది. నడినెత్తిన ఎండ, నీడ పడదు కాబట్టి అక్షరాలు కనిపించలేదు. చదివి చూపించాలన్న ఆత్రం నాది. సుద్దపొడి పట్టించాను. ‘స్వస్తి శ్రీ’ తెల్లగా తేలింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత సుద్ద పోవాలని, పక్క షెడ్డులో అడిగి తెచ్చిన ఇనుప బ్రష్‌తో రుద్దించాను. రాతి పైపొర పెళుసుబారి ఉంది. ‘శ్రీ’ కింది వంపు పెచ్చులా లేచి ఒక పిల్లవాడి చేతిలోకి వచ్చింది. గోరంత ముక్క. వాడు బిక్కమొహంతో నా వైపు చూశాడు. ‘ఏం కాలేదులే, పారెయ్’ అన్నాను. వాడు పారెయ్యలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే పెట్టి, నిలబడుతుందేమోనని వేలితో నొక్కుతూ కూర్చున్నాడు.

వందల ఏళ్ళు ఎండకూ వానకూ ఓర్చుకున్న అక్షరాన్ని తెలుగు టీచర్‌ని నేను పోగొట్టాను. ఆ మాట నోటితో అనడానికి ఇన్నేళ్ళు పట్టింది.

అందుకే పదిసార్లు చెప్తాను, విసుక్కోకు. సుద్ద, పసుపు, నూనె ఏదీ వద్దు. పొద్దుటి ఏటవాలు ఎండలో అక్షరాలు వాటంతట అవే లేస్తాయి. మబ్బు పడితే పక్క నుంచి టార్చి వెయ్యి. కాగితం మీద అక్షరాల అచ్చు తీయడం పురావస్తు శాఖ వాళ్ళ పని.

వేయి స్తంభాల గుడికి వెళ్తే, దాన్ని కట్టించిన కాకతీయ రాజు రుద్రదేవుడి 1163 నాటి శాసనం తప్పక చూపించు, చేతులు వెనక్కి కట్టుకోమని చెప్పి మరీ. చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుని అక్కడి నంది మెడగంటలు ముట్టించింది నేనే. ‘చల్లగుంది పెద్దమ్మా’ అన్నావు. ఇప్పుడైతే ముట్టించను.

నడక అయ్యాక అందరినీ ఇంటికే తీసుకురా. ఎంతమందో శనివారం సాయంత్రం చెప్తే చాలు, పప్పు ఎక్కువ వేస్తాను.

నీ పెద్దమ్మ