చిన్నీ, కప్పడోసియా టూర్‌కి డబ్బు కట్టే ముందు ఇది చదువు

చిన్నీ,

ఫోన్‌లో చెబితే సగం విని "సరే పెద్దమ్మా, తర్వాత చూస్తా" అంటావు, అందుకే కూర్చుని రాస్తున్నా. టర్కీలోని కప్పడోసియాకి తీసుకెళ్ళే మూడు కంపెనీల ప్రోగ్రాములు పంపావుగా, మూడూ చదివాను. పేర్లు వేరు, రేట్లు వేరు, లోపలి సరుకు మాత్రం ఒకటే. పొద్దున తొమ్మిదిన్నరకి హోటల్ దగ్గర వ్యాన్ ఎక్కించుకోవడం, ఉచ్‌హిసార్ కోటని దూరం నుంచి చూపించడం, గొరెమె ఓపెన్ ఎయిర్ మ్యూజియం (కొండని తొలిచి చేసిన చర్చిలు ఉండేది ఇక్కడే), అవనోస్ ఊళ్ళో భోజనం, కుండల దుకాణం, పాషాబా, డెవ్రెంట్ లోయ, ఇంకో రాళ్ళ నగల దుకాణం, సాయంత్రానికి మళ్ళీ హోటల్. దీన్నే అక్కడ రెడ్ టూర్ అంటారు. మీ అమ్మానాన్నలతో వెళ్ళేటప్పుడు ఇదే సరైనది, అందులో అనుమానం లేదు. కానీ ఆ రోజంతటిలో గైడ్‌కి ఇచ్చే డబ్బు గిట్టుబాటయ్యేది ఒక్క గొరెమెలోనే. లోయల్ని ఎవరూ ఏమీ చెప్పకపోయినా కళ్ళారా చూడొచ్చు. గుహల్లో చర్చిలు అలా కాదు, చెప్పేవాళ్ళు లేకపోతే రెండో దాంట్లోకి వెళ్ళేసరికే మీ నాన్న బయట బెంచీ వెతుక్కుంటారు. కాబట్టి నీ బేరమంతా అక్కడ ఆడు.

అంతకంటే ముందు ఒక పని. మీ అమ్మానాన్నల షెంగెన్ వీసా, అదే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చేది, తీసి, ఎన్ని ఎంట్రీలు ఇచ్చారో ఇవాళే చూడు. చెల్లుబాటులో ఉన్న షెంగెన్ వీసా ఉంటే మన పాస్‌పోర్టు వాళ్ళకి టర్కీ ఈ-వీసా ఆన్‌లైన్‌లో వస్తుంది, నీకు జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ మీద వస్తుంది, ప్రభుత్వ సైట్‌లో ఓసారి సరిచూసుకుంటే చాలు. చిక్కల్లా ఏమిటంటే టర్కీ షెంగెన్‌లో లేదు. వాళ్ళది సింగిల్ ఎంట్రీ అయితే ఇస్తాంబుల్ విమానం ఎక్కగానే ఆ వీసా పని అయిపోయినట్టే, మళ్ళీ ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగనివ్వరు. అలాగైతే టర్కీని ట్రిప్ చివర్లో పెట్టి, అటునుంచి అటే హైదరాబాద్ పంపించు.

ఇప్పుడు బేరం సంగతి. మీరు ముగ్గురు కాబట్టి గ్రూప్ టూర్‌కీ, మీకోసమే వ్యాన్, గైడ్ పెట్టుకోడానికీ ఎంత తేడా వస్తుందో అడుగు. తేడా కాస్త ఎక్కువే ఉంటుంది, అయినా నేనైతే రెండోదానికే మొగ్గుతా. ఎందుకంటే మ్యూజియం పొద్దున ఎనిమిదికే తెరుస్తారు. గ్రూప్ వ్యాన్‌లన్నీ హోటళ్ళు తిరిగి జనాన్ని పోగేసుకుని పదింటికి ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆ చర్చిలు మన పాతకాలం ఇళ్ళలో దేవుడి గదుల కంటే కాస్త పెద్దవి, అంతే. అందులోకి నలభై మంది దూరితే మీ అమ్మకి ముందున్నవాళ్ళ బ్యాక్‌ప్యాక్ తప్ప ఇంకేమీ కనపడదు. ఎనిమిదికే గేటు దగ్గర ఉండేట్టు మాట్లాడుకున్నావంటే ఆ రెండు గంటలూ మీవే. గైడ్‌లకి అక్కడ ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, మెడలో కార్డు వేసుకుంటారు. కార్డు లేకుండా "నేనే డ్రైవర్, నేనే గైడ్" అనేవాణ్ణి పెట్టుకోకు.

ఇంకో మాట. లోపల గుంపుకి నిలబెట్టి చెప్పడం అక్కడ పెద్దగా కుదరదు, చోటూ ఉండదు, కాపలావాళ్ళూ ఊరుకోరు. గైడ్ బయటే నిలబడి పుస్తకంలోనో ట్యాబ్‌లోనో బొమ్మలు చూపించి చెప్పేసి మిమ్మల్ని లోపలికి పంపిస్తాడు. ఫొటోలు లోపల నిషేధం. కాబట్టి బయట చెప్పింది వినకుండా మీ నాన్న వ్యూ ఫొటోలు తీసుకుంటూ ఉంటే లోపల ఏమీ మిగలదు. ముందే చెప్పి పెట్టు.

గొరెమెలో అన్నీ చూడాలని పెట్టుకోకు. తిన్నగా కరన్లిక్‌కి వెళ్ళిపో, చీకటి చర్చి అంటారు కదా, అదే. దానికి విడిగా టికెట్ ఉంటుంది, చాలామంది "మళ్ళీ డబ్బులా" అని మానేస్తారు, నువ్వు మానేయకు. ఇరుకు మెట్ల దారిలో వంగి ఎక్కాలి, మీ అమ్మని ముందు పెట్టుకుని నువ్వు వెనక ఉండు. 11వ శతాబ్దపు బొమ్మలు. వెలుతురు వచ్చేది ఒక చిన్న కిటికీ నుంచే, అందుకే రంగులు వెలిసిపోలేదు. లోపలికి వెళ్ళాక కళ్ళు ఆ వెలుగుకి అలవాటు పడనివ్వండి, వెంటనే బయటికి రావద్దు. గుమ్మటంలో క్రీస్తు, గోడల మీద యేసు పుట్టుక, చివరి విందు, యూదా ముద్దు పెట్టుకుని అప్పగించడం, శిలువ. తర్వాత ఒక్కటి గమనించు: చేతికందే ఎత్తులో ఉన్న బొమ్మలకి కళ్ళు గీకేసి ఉంటాయి, పై బొమ్మలకి చాలావరకు బాగానే ఉంటాయి. ఎంతవరకు చెయ్యి అందిందో అంతవరకు మనుషుల పని. ఒకప్పుడు అందులో పావురాలు కాపురముండేవి, ఆ రెట్టంతా గీకి శుభ్రం చేశాకే ఈ రంగులు బయటపడ్డాయి.

పావురాలంటే గుర్తొచ్చింది, అక్కడ కొండల నిండా కనిపించే చిన్న చిన్న కన్నాలు చూసి "సన్యాసుల కిటికీలు" అనుకుంటారు. చాలావరకు పావురాల గూళ్ళు. రెట్టని ద్రాక్షతోటలకి ఎరువుగా వేసేవాళ్ళు. చవుషిన్‌లో 10వ శతాబ్దపు చర్చి ఒకటి ఆ గూడుగా మారడం వల్లే ఇన్నాళ్ళు నిలిచిందంటారు, నాకైతే అది నమ్మదగ్గ మాటే అనిపిస్తుంది.

కరన్లిక్ అయ్యాక ఎల్మలి చర్చి. అందులో స్తంభాలు, కమానులు, గుమ్మటాలు చూడు. మనసు పెట్టి చూస్తే నవ్వొస్తుంది, ఎందుకంటే వాటి అవసరమే లేదు! కొండని లోపలికి తొలిచినప్పుడు కప్పుని మోయడానికి స్తంభం దేనికి? ఊళ్ళో ఇటుకలతో, రాళ్ళతో కట్టే చర్చి ఎలా ఉంటుందో అలాగే కనపడాలని చెక్కారు, అంతే. ఆ ప్రాంతంలో కొన్ని చర్చిల్లో స్తంభాలు విరిగిపోయినా కప్పు అలాగే నిలబడి ఉంది. నిన్ను చిన్నప్పుడు గుంటుపల్లి తీసుకెళ్ళాను చూడు, ఏలూరు నుంచి, అక్కడ గుండ్రటి చైత్యంలో కప్పు లోపల రాతిలో చెక్క వాసాలు చెక్కి ఉంటాయి. ఇదీ అదే ఆలోచన. అక్కడివాళ్ళూ ఇక్కడివాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నది లేదు, మధ్యలో వెయ్యేళ్ళకు పైగా తేడా, అయినా రాయిని తొలిచేవాడి మనసులో ఇంకో కట్టడం ఉంది. ఇది మీ అమ్మకి చెప్పు, గుంటుపల్లి ఆవిడకీ గుర్తే.

బార్బరా చర్చిలో ముందు ఎర్రమట్టి రంగుతో రాతి మీదే నేరుగా గీసిన గీతలు, గళ్ళు, ఒక వింత పురుగులాంటి ఆకారం. యిలాన్లి చర్చిలో గుర్రాల మీద సెయింట్ జార్జి, సెయింట్ థియోడోర్ పాముని పొడుస్తుంటారు, ఆ పక్కన శిలువ పట్టుకుని కాన్‌స్టాంటైన్, ఆయన తల్లి హెలెనా. ఈ రెండూ అయిదేసి నిమిషాలు చాలు. వెళ్ళే దారిలో రాతిలోనే తొలిచిన పొడవాటి భోజనాల బల్ల, రెండు పక్కలా కూర్చునే అరుగులు ఉంటాయి. అక్కడ నాకు ఏ బొమ్మ ముందూ రాని అనుభూతి వచ్చింది, మనుషులు నిజంగా ఉన్నారిక్కడ, ఆకలేసి వరసగా కూర్చున్నారు అని.

టికెట్ పారేయకండి. అసలు పెద్ద చర్చి, టొకాలి, గేటు బయట ఉంటుంది, రోడ్డు కొంచెం కిందికి దిగాక. అదే టికెట్ మీద చూడనిస్తారు. సగం గ్రూపులు టైం అయిపోయిందని దాన్ని ఎగ్గొట్టి బస్సెక్కేస్తాయి, ఆ పని జరగకుండా ముందే గైడ్‌తో అనుకో. ముందు గదిలో క్రీస్తు కథ వరసలు వరసలుగా, లోపలి పెద్ద గదిలో నీలం. ఆ నీలం గురించి నేను రాయలేను, 10వ శతాబ్దంలో లాపిస్ లాజులీ రాయి నూరి వేసిన రంగు. అక్కడ కనీసం పావుగంట కేటాయించు.

గైడ్ చెప్పేదంతా వేదం అనుకోకు. "రోమన్ల నుంచి పారిపోయిన మొదటి క్రైస్తవులు ఈ గుహల్లో దాక్కుని ఈ చర్చిలు చెక్కారు" అని చెబుతారు, వినడానికి బాగుంటుంది. కానీ గొరెమెలో నువ్వు చూసేది చాలావరకు 10, 11 శతాబ్దాలది, అప్పటికి రాజ్యమే క్రైస్తవ బైజాంటియందే. ఎవరి నుంచీ దాక్కోనక్కర్లేదు, డబ్బున్న దాతలు పెట్టి చేయించినవి. "ఇది ఏ శతాబ్దం?" అని ప్రతిచోటా అడుగు. మంచి గైడ్ అయితే మొహం వెలిగిపోతుంది, అవతలివాడైతే నీళ్ళు నములుతాడు. అయితే ఇక్కడి క్రైస్తవం దానికంటే పాతదన్నది నిజమే. 4వ శతాబ్దంలో కైసెరికి బిషప్‌గా ఉన్న బేసిల్, ఆయన తమ్ముడు గ్రెగరీ ఈ ప్రాంతంవాళ్ళే. మీ పక్కింటి ఆంటీకి చెప్పు, ఆవిడ చదివే తెలుగు బైబిల్లో అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో ఉన్న కప్పదొకియ ఇదే. మన ఊళ్ళ నుంచి ఏడు సంఘాల యాత్రకని వెళ్ళేవాళ్ళు ఎఫెసు, స్ముర్న చూసుకుని ఇటు కూడా వస్తుంటారు.

భోజనం అవనోస్‌లో. మీ అమ్మ శనివారం మాంసం ముట్టదు కాబట్టి వీలైతే శనివారం పెట్టుకోకు. తప్పదంటే "ఎత్‌సిజ్" అను, మాంసం లేకుండా అని. మెర్జిమెక్ చోర్బా అని కందిపప్పు పలచన చేసినట్టుండే ఎర్రపప్పు సూప్ ఉంటుంది, బాగుంటుంది, కాకపోతే కొన్నిచోట్ల ఎముకల నీళ్ళతో చేస్తారు, పిలావ్ అన్నం కూడా అంతే, అడిగి తినండి. ఏదీ కాకపోతే అన్నం, పెరుగు దొరుకుతాయి, వాళ్ళ పెరుగు గట్టిగా, కమ్మగా ఉంటుంది. గోంగూర పచ్చడి చిన్న సీసాలో బ్యాగులో పెట్టుకోమను, సిగ్గుపడక్కర్లేదు. నువ్వు మాత్రం టెస్టి కెబాబ్ తిను, మూత మూసి వండిన కుండని నీ ముందే పగలగొట్టి వడ్డిస్తారు.

అక్కడే కిజిలిర్మాక్ నది. టర్కీలో పొడవైన నది అదే, 1,355 కిలోమీటర్లు. దాని ఎర్రమట్టితోనే అవనోస్ కుండలు. సారె తిప్పి చూపిస్తారు, మీ నాన్నని కూర్చోబెడతారు, అందరూ చప్పట్లు కొడతారు, ఆపిల్ టీ ఇస్తారు, తర్వాత పక్క గది తలుపు తెరుస్తారు, అందులో ధరలు చూస్తే తల తిరుగుతుంది. కొనక్కర్లేదు. టీ తాగినందుకు మొహమాటపడే మనిషి మీ అమ్మ, ఆవిడ పర్సు నీ దగ్గర పెట్టుకో. బుక్ చేసేటప్పుడే "దుకాణాలు వద్దు" అని రాతపూర్వకంగా అడుగు, మీకోసమే పెట్టుకున్న వ్యాన్ అయితే ఒప్పుకుంటారు.

మధ్యాహ్నం పాషాబా. అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి ఏర్పడిన మెత్తరాయి, దాని మీద గట్టి రాయి పొర. వాన, గాలి మెత్తదాన్ని తినేస్తూ పోగా, పైన గట్టి రాయి ఉన్నచోట మాత్రం కిందిది మిగిలింది. నెత్తిన గొడుగు పట్టుకున్న మనుషుల్లా నిలబడ్డాయి. ఆ గొడుగు పడిపోతే కింది స్తంభం కూడా ఎన్నాళ్ళో ఆగదు. దూరంగా ఎర్జియస్ కొండ కనిపిస్తుంది, 3,917 మీటర్లు, ఈ బూడిదలో దాని వాటా ఉంది. ఇక్కడ గైడ్‌ని పక్కన పెట్టేయండి. మూడు తలల పెద్ద స్తంభంలో ఒక సన్యాసి గది ఉంది, సిమియోన్ పేరు మీద, అది చూసి వెనక వైపు నడవండి, జనం ముందు వైపే ఆగిపోతారు.

డెవ్రెంట్‌లో ఒంటెలాంటి రాయి ఉంది. ఒంటె అంటే ఒంటే. పది నిమిషాలు. దాని బదులు పాషాబా పక్కనే ఉన్న జెల్వెకి తీసుకెళ్ళమను. అది 1952 దాకా జనం ఉన్న గుహల ఊరు, రాళ్ళు విరిగిపడుతుంటే ఖాళీ చేయించి పక్కన కొత్త ఊరు కట్టించారు. అంతకు ముందే, 1923 ఒప్పందం ప్రకారం జనాల మార్పిడి జరిగినప్పుడు, ఆ ప్రాంతంలోని ఆర్థొడాక్స్ క్రైస్తవులు గ్రీస్ వెళ్ళిపోయారు. చర్చి, మసీదు, మర గది, పొగచూరిన గోడలు, అన్నీ ఒకే చోట. మీ నాన్న మోకాళ్ళు అప్పటికి సహకరిస్తే అక్కడి లోయల్లో మొదటిది చాలు.

ఇక గ్రీన్ టూర్ అని ఇంకోటి అమ్మజూపుతారు. డెరిన్‌కుయు భూగర్భ నగరం, ఇహ్లారా లోయ, సెలిమె మఠం. నువ్వు ఒక్కదానివే అయితే ముందు అదే చెయ్యమనేదాన్ని. వంగి నడిచే సొరంగాలు, లోయలోకి వందల మెట్లు దిగడం, మీ అమ్మ ఆయాసం, ఇవన్నీ కలిపి ఆలోచించు. వాళ్ళని ఆ రోజు హోటల్ టెర్రస్ మీద కూర్చోబెట్టి నువ్వు వెళ్ళిరా.

బూట్లు అరిగినవి వద్దు, ఆ తెల్లరాయి పొడి మీద జారుతుంది. వేయి మీటర్లకు పైన ఉన్న ఊరు, ఏప్రిల్‌లో కూడా పొద్దున చలి గట్టిగానే ఉంటుంది, స్వెటర్లు పైనే పెట్టండి.

వేడిగాలి బెలూన్ ఎక్కాలంటే వెళ్ళిన మర్నాడే పెట్టుకో, గాలి బాగోలేదని ఆపేస్తే ఇంకో పొద్దు చేతిలో ఉంటుంది. రెడ్ టూర్ రోజునే మాత్రం వద్దు, తెల్లవారుజామున నాలుగింటికి లేచినవాళ్ళు టొకాలిలో గోడకి ఆనుకుని కునుకు తీస్తారు. ఇంకా, అది ఎగిరేదాకా మీ నాన్నకి చెప్పకు, ముందే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు.

మీ పెద్దమ్మ