ప్రమాణస్వీకారం తర్వాత జరిగిందీ రాయి

తమ్ముడూ,

ఎన్టీఆర్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ప్రచారానికి వాడిన చైతన్య రథం, ఖాకీ బట్టలు, రోడ్డు పక్కన స్నానాలు, అర్ధరాత్రి దాకా కాచుకున్న జనం, అన్నీ బాగానే పట్టుకున్నావు. కానీ 1983 జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణస్వీకారంతో ముగించేశావు. నాకు ఆసక్తి ఆ మర్నాటి నుంచి.

ముందు ఒక పేచీ. తెలుగుదేశం పార్టీ పెట్టిన తొమ్మిది నెలల్లో ఒక్కడే గెలిచాడన్నావు. అందులో కాంగ్రెస్ చేసిన సాయం కూడా రాయాలి కదా! చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, విజయభాస్కరరెడ్డి... ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులు. ఢిల్లీ ఇలా మార్చుకుంటూ పోబట్టే ఆత్మగౌరవం అన్న మాట జనానికి అంత త్వరగా ఎక్కింది. ఇది వదిలేస్తే నీ వ్యాసం అభిమాన సంఘం కరపత్రంలా ఉంటుంది. (కోపం తెచ్చుకోకు, నేనూ ఆయన సినిమాలకు ఈలలు వేసినవాణ్నే.)

గెలిచిన నెలకే ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి తగ్గించారు. వేలమంది ఒక్కసారిగా ఇంటికెళ్లారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1985లో తీర్పు ప్రభుత్వం వైపే వచ్చింది. 1984లో ఊళ్లలో భూమి లెక్కలు, శిస్తు వసూళ్లు చూసే కరణాలు, మునసబులు, తెలంగాణలో పటేల్ పట్వారీల పదవులు పోయాయి. రథం మీంచి ఎవరినీ అడక్కుండా తేల్చి చెప్పే పద్ధతే సచివాలయంలోనూ నడిచిందని నా లెక్క. అడంగల్ (పొలం రికార్డు) కోసం కరణం చుట్టూ తిరిగి విసిగిన రైతు దాన్ని మెచ్చుకున్నాడు. కూతురి పెళ్లి చేయకముందే జీతం ఆగిపోయిన గుమాస్తా తిట్టుకున్నాడు. అలాంటి ఇళ్లు రెండూ వెతుక్కుని వెళ్లు. పిల్లలైనా దొరుకుతారు, చెబుతారు.

1989 ఫిబ్రవరిలో మంత్రులందరినీ ఒకేసారి తీసేయడాన్ని ఒక్క వాక్యంలో దాటేయకు. ఆ ఏడాది చివర్లో పార్టీ ఓడింది. హిందూపురంలో గెలిచిన ఆయన కల్వకుర్తిలో ఓడిపోయారు. మంత్రులను తీసేసినందుకే ఓడారని మాత్రం తేల్చేయకు. ఏడేళ్ల పాలన మీద విసుగుంది, దూరమైన ఉద్యోగులున్నారు, మళ్లీ ఒక్కటైన కాంగ్రెస్ నాయకులున్నారు. ఏది ఎంత పనిచేసిందో నియోజకవర్గాల వారీగా ఓట్లు చూసి చెప్పు.

'మహానాయకుడు' ఏడుసార్లు, 'నియంత' రెండుసార్లు వాడావు. అన్నీ కొట్టేయ్. ఆ చోట్ల జీవో తేదీలు పెట్టు. పాత పత్రికలు తిరగేసి, రెండో చిత్తు దసరాలోపు పంపు.

మీ అన్నయ్య